యాభై ఏళ్ళకి దాచిన చెయ్యి

మా లహరికి జ్వరం వస్తే ముందు నా అరచేతికి తెలుస్తుంది, తర్వాత లహరికి తెలుస్తుంది, ఆ తర్వాతెప్పుడో థర్మామీటరుకి తెలుస్తుంది. మా ఇంట్లో ఇది అందరూ ఒప్పుకున్న వరస.

దానికి నాలుగో ఏట ఒకసారి ఆస్పత్రిలో చూసి, జ్వరమేం లేదు తీసుకెళ్ళమ్మా అన్నారు. నిజమే, నుదురు చల్లగానే ఉంది. కానీ కనుబొమల మధ్య చర్మం కింద ఏదో సన్నగా అదురుతున్నట్టు నా చేతికి తెలుస్తోంది. ఇంటికి రానన్నాను. గేటు పక్కన పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుండిపోయాను. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. గేటు దగ్గరే ఉన్నాం కాబట్టి పిల్ల దక్కింది. ఇంట్లో ఉండుంటే అన్న మాట నేను ఇప్పటికీ పూర్తిగా అనుకోను, సగంలో ఆపేస్తాను.

అప్పట్నించి దాని నుదురు మీద చెయ్యి వెయ్యకుండా నాకు పూట గడవదు. కాఫీ ఇస్తూ ఒకసారి, చెప్పులేసుకుంటుంటే ఒకసారి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు కూడా అలాగే వేశాను. పిల్లకేదో జబ్బుందనుకుని కాఫీలు తాగేసి వెళ్ళిపోయారు వాళ్ళు. మా ఆయన నవ్వి, "మీ అమ్మ నిన్ను కనలేదే, పొయ్యి మీద పెట్టింది. ఉడికిందో లేదో చూస్తూనే ఉంటుంది" అన్నారు.

లహరి పనిచేసేది రాజమండ్రిలో, గోదావరి గట్టు దిగువనున్న ఒక పరిశోధన సంస్థలో. చేతిపనులు చేసేవాళ్ళ విద్యని అక్కడ భద్రం చేస్తారు. ఫోటోలూ వీడియోలూ కాదు, విద్యనే. దానికో తొడుగు ఉంది. కుడిచేతికి వేసుకునేది, ఉల్లిపొర లాంటిది. అది వేసుకుని పని చేస్తే, చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ బిగిస్తుందో, దేన్ని తాకి ఏం తెలుసుకుంటుందో అదంతా తీసుకుంటుంది. తీసుకున్నదాన్ని ఒరవడి అంటారు. చిన్నప్పుడు పంతులుగారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీద దిద్దేవాళ్ళం చూడండి, అలాగే ఇంకొకళ్ళు ఆ తొడుగు వేసుకుని ఆ ఒరవడి మీద చెయ్యి దిద్దుకోవచ్చు. ఒరవడులన్నీ ఉండే చోటుకి వాళ్ళేదో పెద్ద పేరు పెట్టారు. నాకు నోరు తిరగక గాదె అన్నాను. ఇప్పుడు అక్కడ అందరూ గాదె అనే అంటున్నారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది. నరసాపురం వైపు నుంచి అచ్చాయమ్మగారని ఒకావిడ వచ్చారు. లేసు అల్లుతారు. తొడుగు వేసుకుని ఒక పువ్వు అల్లడం పూర్తి చేశారో లేదో, చేతిలోంచి సూది జారి కింద పడింది. ఆవిడ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, ఇదేం వస్తువో అన్నట్టు. అరవై ఏళ్ళు అల్లిన చెయ్యి.

నేను లహరి చెయ్యి పట్టుకున్నాను. ఆ సంస్థకి పెద్ద, అనసూయ మేడం, నా మొహం చూసి దగ్గరికొచ్చారు.

"జడ విప్పితేనే కదమ్మా ఎన్ని పాయలో తెలిసేది? విప్పాం. చూసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ అల్లేస్తాం."

"అల్లేలోపల కరెంటు పోతేనండీ?"

"అమ్మా, నువ్వు బయట కూర్చో" అంది లహరి.

అదే తొడుగు మళ్ళీ వేశారు. ఆవిడ ఒరవడిని ఆవిడకే దిద్దించారు. కాసేపటికి సూది ఆవిడ వేళ్ళ మధ్య తనంతట తానే తిరిగింది. అచ్చాయమ్మగారు, "ఆయ్, పుట్టింటికెళ్ళొచ్చినట్టుందండి" అన్నారు.

ఇదివరకు గాదెలో ఏది వెయ్యాలన్నా కంప్యూటర్లో ఆఫీసువాళ్ళే వేసేవారు. పేజీ అంతా ఇంగ్లీషు. చదువుకున్నవాళ్ళు తమ పుస్తకాలూ వ్యాసాలూ దాచుకోవడానికి చేసిన పేజీ అది. అందులోనే లేసునీ కుండనీ బుట్టనీ ఇరికించేవారు. ఒకరి ఒరవడి మీద ఇంకొకరి పేరు పడేది. మా లహరి దానికి కొత్త పేజీ కడుతోంది, తెలుగులో. తొడుగు ఇంటికే పంపిస్తే, ఫోన్లో ఆ పేజీ తెరిచి ఎవరి పని వాళ్ళే గాదెలో వేసుకోవాలని దాని పట్టుదల. ఏ కొంచెం కట్టినా నా ముందు పెట్టేది.

"నువ్వు చెయ్యగలిగితే అందరూ చెయ్యగలరమ్మా."

"అంటే నేనంత మొద్దునా?"

"అంత భయస్తురాలివి. ఏది నొక్కబోయినా, నొక్కితే ఏమవుతుంది అని అడుగుతావు. నాకు అలా అడిగేవాళ్ళే కావాలి."

నేను ఏడో తరగతితో మానేశాను. అయినా నా మాట ఆ పేజీలో చాలాచోట్ల ఉంది. చివర్లో నొక్కే మీట మీద 'సమర్పించు' అని రాసింది. "ఇదేం గుళ్ళో కొబ్బరికాయా? సమర్పించింది మళ్ళీ ఇంటికి రాదే" అన్నాను. 'గాదెలో వెయ్యి' అని మార్చింది.

లేసువాళ్ళూ నేతవాళ్ళూ ఒక మాట అడిగారు. మా పని గాదెలో ఉండాలి, కానీ మా పిల్లలు అందుకునేదాకా కంపెనీవాళ్ళ చేతికి పోకూడదు అని. వాళ్ళ కోసం లహరి ఒక తలుపు కట్టింది. ఇన్నేళ్ళని గడువు పెట్టి మూస్తే, ఆ గడువు తీరేదాకా అది తెరుచుకోదు. వేసినవాళ్ళూ తియ్యలేరు, మేడమూ తియ్యలేరు, కట్టిన లహరీ తియ్యలేదు.

"మరీ అంత గట్టిగా ఎందుకే?"

"తీసి ఇమ్మని ఎవరైనా వచ్చి భయపెడితేనో? అసలు తాళంచెవే లేకపోతే ఎవర్ని భయపెడతారు?"

ఆ మాట నాకెంత నచ్చిందో. ఎన్ని తెలివితేటలున్నా నా కూతురే అనిపించింది.

పేజీ పూర్తయి గాదెకి కలిపిన రోజు, చివరిసారి చూడమని తొడుగు ఇంటికి తెచ్చింది. మధ్యాహ్నం. మా ఆయన డిపోలో డ్యూటీలో ఉన్నారు. నేను తొడుగు వేసుకుని దూది తీసుకుని దీపానికి వత్తులు చేస్తున్నాను. చిన్నపని, చూడ్డానికి చాలు అంది. నాలుగు వత్తులు చేశానో లేదో లహరి రెండుసార్లు తుమ్మింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తొడుగుతోనే నా చెయ్యి వెళ్ళి దాని నుదురు మీద వాలింది. అడిగి వెళ్ళే చెయ్యి కాదు కదా అది.

"జ్వరం కాదమ్మా, దుమ్ము" అని, ఫోన్ మోగితే వరండాలోకి వెళ్ళింది.

నేను పేజీ వంక చూశాను. 'మీ ఒరవడి వచ్చింది' అని పడింది. దాని కింద మూడు మీటలు. 'తిరిగి దిద్దుకో.' 'అందరికీ చూపు.' 'దాచు.'

ఉప్పు దాచుకుంటాం, పప్పు దాచుకుంటాం, పిల్లల మొలతాడూ మురుగులూ దాచుకుంటాం. దాచడమంటే పోకుండా పెట్టుకోవడం. ఇంట్లో ఏ ఆడదాన్నడిగినా అదే చెబుతుంది. దాచు నొక్కాను.

'ఎంతకాలం?' అని అడిగింది. కింద ఏడాది నుంచి మొదలుపెట్టి ఉన్నాయి. నాలాంటిదాన్ని ఎంతకాలం దాచమంటావని అడిగితే ఏం చెబుతాను? తక్కువ పెడితే ఆ తర్వాత పారేస్తారేమో. అన్నిటికన్నా కింద ఉన్నది నొక్కాను. యాభై.

లహరి వచ్చి తొడుగు తీసేసి, "ఎలా ఉంది?" అంది. "చాలా తేలికే" అన్నాను. దాన్ని తుడిచి ఆఫీసుకి పట్టుకెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంటమ్మా, కోపమా?"

"కోపమెందుకే?"

"ఇవాళ నన్ను ముట్టుకోలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళి నుదురు మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. అంతే. గ్లాసు ముట్టుకుంటే ఎంత తెలుస్తుందో అంత. వేడి తెలుస్తోంది, లహరి తెలియడం లేదు. చెయ్యి తీసి మళ్ళీ వేశాను. బస్సులో పక్కన కూర్చున్న ఎవరో పిల్ల నుదురు మీద వేసినట్టు సిగ్గేసింది.

దాని మొహం పాలిపోయింది. "నిన్న ఏం నొక్కావమ్మా?"

చెప్పాను. అది అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయింది. దాని భాషలో దాచడమంటే కనబడకుండా మూసేయడం. ముందు ఇంగ్లీషులో రాసుకుని తర్వాత తెలుగులోకి తెచ్చుకుంది మరి. ఎవరైనా ముందు తిరిగి దిద్దుకుని, ఆ తర్వాతే మూస్తారని అనుకుంది. అలా కాకుండా ముందే మూసేసే మనిషి ఒకతి ఉంటుందని దానికి తట్టలేదు. ఆ మనిషి కోసమే కదా నన్ను కూర్చోబెట్టింది.

ఆ రోజే మీట మీద మాట మార్చేసింది. "ఏం రాయను?" అని అడిగింది, మొహం ఎత్తకుండా. "'తలుపు మూసెయ్యి' అని రాయవే. అప్పుడు భయమేస్తుంది, ఆలోచించుకుని నొక్కుతారు" అన్నాను. దిద్దుకోకుండా మూయడానికి వీల్లేకుండా కూడా చేసింది. నా తర్వాత వచ్చేవాళ్ళకి ఇబ్బంది లేదు.

మేడం దగ్గరికి వెళితే ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకెవరు కట్టినా ఏదో ఒక సందు ఉండేదమ్మా. లహరి కట్టింది కదా" అన్నారు. అభినందించినట్టే ఉంది, ఓదార్చినట్టే ఉంది.

వత్తులు కూడా మరిచిపోయాను. అవి మళ్ళీ నేర్చుకున్నాను, వంకరటింకరగా. మా ఆయన దీపం చూసి, "ఇదేం వత్తే, తాడా?" అని, వెంటనే నాలిక కరుచుకున్నారు. ఆయన నన్ను వేళాకోళం ఆడకుండా ఉండటం అంతకన్నా బాధ. నుదురు కూడా అలాగే నేర్చుకుందామని చూశాను. ఎడం చేత్తో కూడా చూశాను, ఆశీర్వదించే చెయ్యి కాదని తెలిసీ. రాలేదు. నా చెయ్యి నేర్చుకున్నది నుదురు కాదేమో. పురిట్లో గుప్పెడంత ఉన్న నుదురు పెద్దదవుతూ రావడం అది నేర్చుకుంది. అదిప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

చెయ్యి మరిచింది గానీ మనసు మరవలేదు. పగలంతా పిల్ల రోడ్డు దాటుతోందేమో, ఎండలో ఉందేమో అని భయాలన్నీ ఎప్పటిలాగే వచ్చేవి. ఇదివరకు సాయంత్రం దాని నుదురు మీద చెయ్యి వేస్తే అవన్నీ దిగిపోయేవి. ఇప్పుడు దిగే మెట్టు లేదు. ఇంటికొచ్చిన పిల్లని ఎదురుగా పెట్టుకుని, ఊరెళ్ళిన పిల్ల కోసం చూసినట్టు చూసేదాన్ని.

లహరి చిక్కిపోయింది. అన్నం ముందు కూర్చుని కూడా ఏదో లెక్క వేసుకుంటుండేది. ఒకరోజు నన్ను సంస్థకి రమ్మంది. తన గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది.

"దారి దొరికిందమ్మా."

"ఏం దారి?"

"గాదెని పాత యంత్రాల మీంచి కొత్తవాటి మీదకి మారుస్తున్నాం. మార్చేటప్పుడు గడియారం నా చేతిలో ఉంటుంది. యాభై ఏళ్ళు గడిచాయని దానికి ఒక్క నిమిషం అబద్ధం చెబితే చాలు, తలుపులు తెరుచుకుంటాయి. నీది తీసుకుంటాను."

"నా తలుపేనా?"

అది కంప్యూటర్ వైపు తిరిగింది.

"నా ఒక్కదానిదేనా అని అడుగుతున్నానే."

"గడియారం అందరికీ ఒకటేనమ్మా. అన్నీ తెరుచుకుంటాయి. ఒక్క నిమిషం. ఎవరికీ తెలీదు."

పోలీసులు కనిపించారు, పేపర్లో దాని ఫోటో కనిపించింది, కోర్టు మెట్లు కనిపించాయి. నిజం చెప్పాలంటే వాటన్నిటి వెనకాల ఇంకోటి కూడా కనిపించింది. దాని నుదురు మీద నా చెయ్యి. వద్దని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. మంచినీళ్ళు తాగొస్తానని వరండాలోకి వచ్చేశాను.

అక్కడ బల్ల మీద అచ్చాయమ్మగారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో సంచీతో. నన్ను చూసి జరిగి చోటిచ్చారు.

"రండి వదినగారూ. ఇవాళ మా అత్తగారి పువ్వు తెచ్చానండి. ఇంతకుముందు ఇచ్చింది బజారు పువ్వు. ఇది మా ఇంటిది. ఎవరికీ నేర్పలేదు. మనవరాలు ఇంకా పాలు తాగుతోంది, దానికి అట్టేపెట్టాలి."

"ఇంట్లోనే ఉంచుకోకపోయారా?"

"నేనుండొద్దూ ఉంచడానికి? మా మనవరాలికి పెళ్ళీడొచ్చేదాకా ఉంటాననుకుంటే మా కోడలు భయపడి చస్తుందండి." నవ్వారు. తర్వాత నా వైపు ఒరిగి గొంతు తగ్గించారు. "షావుకార్ల మనుషులు రెండుసార్లు వచ్చి అడిగారండి ఈ పువ్వు. ఆ తలుపు మీ అమ్మాయే కట్టిందంట గదా. గట్టిదేనంటారా?"

ఏం చెప్పాలి? లోపల నా కూతురు నా కోసం ఆ తలుపు తీద్దామని కూర్చునుంది. గట్టిది కాదంటే ఈవిడ సంచీ పట్టుకుని నరసాపురం బస్సెక్కేస్తారు, నాకు అడ్డం ఉండదు. ఆవిడ వేళ్ళ వంక చూశాను. సంచీ తాడుని ఊరికే మెలిపెడుతూ, విప్పుతూ, మెలిపెడుతూ ఉన్నాయి. ఏమీ చెయ్యకుండా ఉండలేని వేళ్ళు.

"గట్టిదేనండి వదినగారూ" అన్నాను. "నేను పరీక్ష చేసి చూశాను."

"అయితే ఇంకేం. మీరు చూశారంటే చాలు. మీ భయం సంగతి ఇక్కడందరికీ తెలుసు గదండీ."

లోపలికి వెళ్ళాను. లహరి అలాగే కూర్చునుంది.

"వద్దే" అన్నాను.

"అమ్మా—"

"బయట ఒకావిడకి మాటిచ్చొచ్చాను. ఇంక నన్నేం అడక్కు."

అది బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. చిన్నప్పట్నించీ అది ఏడిస్తే వీపు మీద కాదు, నుదురు మీద చెయ్యి వేసేదాన్ని. ఇప్పుడు వీపు మీద వేశాను. ఆ తర్వాత లహరి కళ్ళు తుడుచుకుని వెళ్ళి, అచ్చాయమ్మగారి పువ్వుని ముందు ఆవిడ చేతికి తిరిగి దిద్దించి, తన చేత్తో తలుపు వేసింది. ఇరవై ఏళ్ళకి.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం లహరి తొందరగా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే, "అమ్మా, జ్వరమనుకుంటా" అంది. దాని నోటితో ఆ మాట వినడం నాకదే మొదలు. ఎప్పుడూ నేనే ముందు చెప్పేదాన్ని కదా, చెప్పాల్సిన అవసరం దానికి రాలేదు.

మంచం మీద పడుకోబెట్టి థర్మామీటరు పెట్టాను. నూటొకటి. మాత్ర ఇచ్చి, తడిగుడ్డ వేసి, పక్కన కూర్చున్నాను. డెంగ్యూయేమో, టైఫాయిడేమో, ఇంకేమిటో. బయట వాన పడుతూనే ఉంది.

"అమ్మా, అది తెరుచుకునేసరికి నాకు డెబ్భై తొమ్మిదొస్తాయి."

"పడుకోవే."

"నీకు నూట మూడు."

"నోర్ముయ్. అన్నేళ్ళు ఎవడుంటాడు? మీ నాన్నతో వేగలేక ముందే పోతాను."

నవ్వబోయి దగ్గింది. కళ్ళు మూసుకునే అంది. "ఆ తలుపు మీద నా పేరు రాశానమ్మా. ఎవరిదో తెలీకపోతే ఎవరు దిద్దుకుంటారో ఏమో. నేనే తీసుకుంటాను."

"తీసుకుని?"

"తొడుగు వేసుకుంటాను. అప్పుడు నా చేతికి నీకు తెలిసినదంతా తెలుస్తుంది. జ్వరం వస్తే నా నుదురు మీద నేనే చెయ్యి వేసుకుంటాను. అది నీ చెయ్యే."

తడిగుడ్డ తిరగేసి వేశాను.

పిల్ల పుట్టినప్పట్నించీ నా భయాలన్నిటికీ అడుగున ఒక భయం ఉంది. మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను పోయాక దీనికి ఒళ్ళు కాలితే ఎవరు చూస్తారు? జ్వరమేం లేదని ఇంటికి పంపించేస్తే, గేటు దగ్గర ఎవరు కూర్చుంటారు? ఎన్ని దేవుళ్ళకి మొక్కినా ఆ భయానికి జవాబు దొరకలేదు. వత్తులు చేస్తూ చేస్తూ, ఏమీ తెలియక, ఆ జవాబునే పోయి అక్కడ దాచుకున్నాను.

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. జుట్టు నెరిసి ఉంటుంది, మా అమ్మకి నెరిసినట్టు చెవుల దగ్గర ముందు. ఏ ఊళ్ళో ఉంటుందో. ఇంట్లో ఎవరుంటారో, ఎవరూ ఉండరో. మోకాళ్ళు నొప్పులేమో. అన్నం సరిగ్గా తింటుందో లేదో. ఒక మధ్యాహ్నం ఒంట్లో బాగాలేక, అలా మంచం మీద ఒరిగి, ముడతలు పడ్డ చెయ్యి ఎత్తి నుదురు మీద పెట్టుకుంటుంది. అప్పుడు నా చేతికి మళ్ళీ మా లహరి తెలుస్తుంది. యాభై ఏళ్ళు ఎడంగా ఉండి, ఇంత మారిపోయిన నుదురుని చూసి, ఇదేమిటే ఇలా అయిపోయావు అనుకుంటుంది నా చెయ్యి. ఆ పూట నేను మాత్రం అక్కడ ఉండను.

"ఏం చూస్తున్నావమ్మా అలా?"

"ఏం లేదు. పడుకో."

తడిగుడ్డ తీసి, నుదురు మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. అంతకన్నా ఏమీ తెలియలేదు. అయినా తియ్యలేదు. కాసేపటికి దానికి నిద్ర పట్టింది. దాని మొహం వంకే చూస్తూ, ఇక్కడ ఒక గీత వస్తుందేమో, ఇక్కడ చర్మం జారుతుందేమో, ఈ కనుబొమ పలచబడుతుందేమో అని ఆ ముసలమ్మని వెతుక్కుంటూ కూర్చున్నాను.